రాగి మీద గాజు రంగు



ఎనామిల్ పళ్లెం అందరికీ తెలుసు. తెల్లగా, నున్నగా ఉంటుంది. కింద పడితే ఒకచోట పెచ్చు ఊడుతుంది. లోపల నల్లటి ఇనుము కనిపిస్తుంది. పైనున్న ఆ తెల్లటి పూత ఏమిటి? అది రంగు కాదు, గాజు. గాజుపొడిని ఇనుము మీద వేసి, బాగా కాల్చి కరిగిస్తారు. కరిగిన గాజు ఇనుముకు అతుక్కుపోతుంది.

ఇదే పని నగల మీద చేస్తే మీనా పని అంటారు. రాజస్థాన్‌లోని జైపూరు నగరం మీనా పనికి పేరు పొందింది. రాజా మాన్‌సింగ్ 16వ శతాబ్దంలో లాహోరు నుంచి పనివాళ్లను రప్పించాడని అక్కడ చెబుతారు. కాశీలో గులాబి రంగు మీనాకు పేరు. అక్కడి పనివాళ్లు బంగారం మీద, వెండి మీద మీనా చేస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు రాగి చాలు. రాగి చవక. చెడిపోయినా పెద్ద నష్టం ఉండదు. ఇత్తడి మాత్రం వద్దు. దాని మీద పూత సరిగా నిలవదు.

రాగి కరగకుండా గాజు ఎలా కరుగుతుంది? నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఈ గాజుపొడి సుమారు 800 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రాగి కరగాలంటే 1,085 డిగ్రీలు కావాలి. అందుకే రాగి నిలుస్తుంది, గాజు కరుగుతుంది. వంట పొయ్యి మంట దీనికి చాలదు. కంసాలి వాడేలాంటి గ్యాస్ టార్చి కావాలి.

ఇప్పుడు పని చూద్దాం. రూపాయి బిళ్లంత రాగి బిళ్ల తీసుకోవాలి. లాకెట్టుకు కొక్కెం పట్టేలా ముందే బెజ్జం వెయ్యాలి. గాజు వేశాక బెజ్జం వేస్తే పూత పగులుతుంది. అంచులు ఆకురాయితో నున్నగా చెయ్యాలి. తర్వాత నిమ్మచెక్క, ఉప్పు పెట్టి తోమాలి. బాగా కడగాలి. నీళ్లు బొట్లు బొట్లుగా నిలిస్తే ఇంకా జిడ్డు ఉన్నట్టు. బిళ్లంతా పరుచుకుంటే శుభ్రమైనట్టు. ఆ తర్వాత దాన్ని అంచులతోనే పట్టుకోవాలి. వేలి జిడ్డు తగిలినచోట గాజు అంటదు.

బిళ్ల మీద జిగురు నీళ్లు పలచగా రాయాలి. సన్నటి జల్లెడతో గాజుపొడి సమంగా చల్లాలి. ముగ్గు వేసే చేతికి ఇది కష్టం కాదు. తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉంటే ఆవిరి లేచి పొడి చిట్లుతుంది. ఆరిన బిళ్లను ఇనుప స్టాండు మీద పెట్టాలి. అంచులు మాత్రమే స్టాండుకు ఆనాలి. మంట కింది నుంచి తగలాలి.

అప్పుడు కళ్లప్పగించి చూడాలి. ముందు పొడి నల్లబడుతుంది. తర్వాత పంచదార పలుకుల్లా అవుతుంది. ఆ తర్వాత నారింజ తొక్కలా గరుకుగా కనిపిస్తుంది. చివరికి అద్దంలా మెరుస్తుంది. అప్పుడు మంట తీసెయ్యాలి. వేడి మీద అసలు రంగు తెలియదు. చల్లారాకే తెలుస్తుంది. నీళ్లలో ముంచకూడదు. దానంతట అది చల్లారాలి. తొందరపడితే పూత పగుళ్లిస్తుంది.

వెనకవైపు కూడా పూత వెయ్యాలి. ఎందుకంటే చల్లారేటప్పుడు గాజు కన్నా రాగి ఎక్కువ ముడుచుకుంటుంది. ఒకవైపే గాజు ఉంటే బిళ్ల వంగుతుంది, పూత ఊడుతుంది. ముందు వెనకవైపు కాల్చుకోవాలి. ముందువైపు పట్టిన నలుపును తోమెయ్యాలి. తర్వాత ముందువైపు కాల్చాలి. ఎక్కువ రంగులు వేసేటప్పుడు ఎక్కువ వేడికి తట్టుకునే రంగు ముందు వెయ్యాలి. మీనా పనిలో ఎరుపు చివరన వేస్తారు. అది వేడికి త్వరగా చెడుతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. కొన్ని గాజుపొడుల్లో సీసం ఉంటుంది. సీసం విషం. పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. కడుపులో ఉన్న బిడ్డకూ హాని చేస్తుంది. సీసం ఉన్న పొడి చూడ్డానికి మామూలు పొడిలాగే ఉంటుంది. తేడా పొట్లం మీది అక్షరాల్లోనే తెలుస్తుంది. సీసం లేనిదైతే పొట్లం మీద ఇంగ్లీషులో లెడ్ ఫ్రీ అని రాస్తారు. ఇంగ్లీషు రాకపోతే చదివిన వాళ్లచేత చదివించుకోవాలి. బిల్లు మీద తెలుగులో ‘సీసం లేదు’ అని రాయించుకోవాలి. దుకాణదారు రాయనంటే ఆ పొడి కొనకూడదు. సంచిలో విడిగా పోసి అమ్మే పొడి అసలే వద్దు.

సీసం లేకపోయినా అది గాజుపొడే. ఊపిరితో లోపలికి పోకూడదు. ఎన్95 మాస్కు కట్టుకోవాలి. పొడిని చీపురుతో ఊడవకూడదు. తడిగుడ్డతో తుడవాలి. వంటింట్లో ఈ పని చెయ్యకూడదు. ఈ జల్లెడ, చెంచా మళ్లీ వంటకు వాడకూడదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కునే అన్నం ముట్టుకోవాలి. టార్చి దగ్గరికి నైలాన్ చీరతో వెళ్లకూడదు. నూలు చీర కట్టుకుని, కొంగు దోపుకుని, జుట్టు ముడి వేసుకోవాలి. కళ్లద్దాలు పెట్టుకోవాలి. తలుపులు, కిటికీలు తెరిచి ఉంచాలి. పిల్లలు దూరంగా ఉండాలి. మొదటిసారి టార్చి వెలిగించేటప్పుడు పని తెలిసినవాళ్లు పక్కన ఉండాలి.

ఒక్కరే అన్నీ కొననక్కరలేదు. నలుగురు కలిసి ఒక టార్చి కొనుక్కోవచ్చు. మొదట రెండు రంగులు చాలు. అప్పు చేసి పది రంగులు కొనవద్దు.

ఒక నోటుబుక్కు మాత్రం తప్పక ఉండాలి. ఏ రంగు వేశారు? ఎంతసేపు కాల్చారు? ఎక్కడ పగిలింది? ప్రతి బిళ్లకూ రాసుకోవాలి. చెయ్యి మరిచిపోయినా కాగితం మరవదు. పది బిళ్లలు వరసగా పగలకుండా వస్తే అప్పుడు అమ్మకం సంగతి ఆలోచించవచ్చు. చవక నగల మీద జిగురు రంగు పూసి మీనా అని అమ్మేవాళ్లున్నారు. అది కొన్నాళ్లకు ఊడిపోతుంది. కాల్చిన గాజును మాత్రమే మీనా అని చెప్పి అమ్మాలి. కొన్న మనిషి మళ్లీ వచ్చేది ఆ మాట మీదే.