ఇద్దరు తిక్కనలు



ఒకే పేరున్న జానపద వీరులను, చారిత్రక పురుషులను వేరుచేసి చూడడం ఎలాగన్నది ఈ సదస్సు ముందున్న ప్రశ్న. అందరినీ ముట్టుకుంటే తెల్లారిపోతుంది గనుక నేను నెల్లూరు దాటి పోను.

13వ శతాబ్దిలో మనుమసిద్ధి కొలువులో కొట్టరువు వంశం వారు ఇద్దరు తిక్కనలు. అన్నదమ్ముల బిడ్డలు. కొమ్మన కొడుకు భారతంలో 15 పర్వాలు తెలుగు చేశాడు. సిద్ధన కొడుకు కత్తి పట్టి ఖడ్గ తిక్కన అనిపించుకున్నాడు. చాలదన్నట్టు రాజుగారి తండ్రి తిక్కభూపాలుడు. ఈ ఇద్దరు తిక్కనల తాత భాస్కరుడి సంగతీ అంతే. రామాయణం రాసిన భాస్కరుడు ఆయనా, హుళక్కి భాస్కరుడా అని మన పండితులు చాలా సిరా ఖర్చుపెట్టారు.

కవి తిక్కనకు కావ్యాలే సాక్ష్యం. నిర్వచనోత్తర రామాయణాన్ని ఆయన మనుమసిద్ధికి ఇచ్చాడు. కేతన తన దశకుమారచరిత్రను ఆయనకు ఇచ్చాడు. ఖడ్గ తిక్కన మాత్రం చాటువుల్లో, కాటమరాజు కథలో బతికాడు. పుల్లరి, అంటే పశువుల మేత పన్ను, దగ్గర నెల్లూరి రాజుకూ గొల్లల నాయకుడు కాటమరాజుకూ పుట్టిన తగవు పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాటి పోరుదాకా పోయింది. పోరులో వెనుదిరిగి ఇల్లు చేరిన తిక్కనకు భార్య స్నానానికి నీళ్లు తోడి, మంచం చాటు పెట్టి, పసుపుముద్ద ఉంచిందట. ఆడవాళ్ల స్నానానికి చేసే ఏర్పాటది. తల్లి అన్నంలోకి విరిగిన పాలు పోసింది. ఆయన మళ్లీ వెళ్లాడు, తిరిగి రాలేదు. ఈ ముచ్చట అచ్చంగా జరిగిందని నేను పూచీపడను. కానీ విరిగిన సేనకు విరిగిన పాలు వడ్డించిన ఆ తల్లిని ఏ శాసనమూ మనకు ఇవ్వలేదు.

కాటమరాజు పాటలో నెల్లూరి రాజు పేరు నల్లసిద్ధి. చరిత్రకారులు మనుమసిద్ధి అంటారు. అంతమాత్రాన పాట తప్పిందని కొట్టేయకండి. ఆ వంశంలో నల్లసిద్ధులు, మనుమసిద్ధులు ఒక్కరు కారు. అలాగని ఆ పేరొక్కటే పట్టుకుని కాలం తేల్చేయడమూ తొందరపాటే.

నా మట్టుకు, మనిషిని పోల్చడానికి పేరుకన్నా పగ గట్టి ఆధారం. కాటమరాజు కథ పాడేది గొల్లల పక్షాన. అందులో తిక్కన శత్రువు. చాటువులు చెప్పుకున్నది నెల్లూరి పక్షం వారు. ఒకరి మేలు ఒకరు కోరని ఈ రెండు నోళ్లూ ఆయన ఎర్రగడ్డపాట పడ్డాడనే చెబుతున్నాయి. పేర్లు కలవడం మామూలే. పగవాళ్ల మాట కలవడం అరుదు. తంగిరాల వెంకటసుబ్బారావుగారు కాటమరాజు కథలను సేకరించి అచ్చువేయించబట్టే ఈపాటి పోలికైనా మనకు దొరికింది.

పరిశోధక విద్యార్థులకు ఒక్క విన్నపం. మన వీరగాథలన్నిటికీ నామసూచి ఒకటి తయారుచేయండి. ప్రతి పేరు పక్కనా తండ్రి ఎవరు, ఊరు ఏది, ఎవరితో వైరం, ఏ పక్షం వాళ్లు పాడారు అన్నవి ఉండాలి. అచ్చు పుస్తకాలతో సరిపెట్టుకోకుండా, ఈ కథలు పాడే కొమ్మువారి దగ్గరికీ, మందెచ్చులవారి దగ్గరికీ వెళ్లి, కథ మొత్తం రికార్డు చేయండి. పాడినవారి పేరు మొదటి పేజీలో వేయండి.