భూగోళ పాఠము – మన ఊరి నేలనుండి

(బోధనులో తలిదండ్రుల, ఉపాధ్యాయుల కూటములో చేసిన ప్రసంగము)



భూగోళ శాస్త్రమనగానే హైస్కూలు పిల్లలకు రాజధానుల పేర్లు, నదుల పొడవులు, పంటల పట్టికలు జ్ఞాపకమునకు వచ్చును. పరీక్ష ముగిసిన మరునాడు అవన్నియు మరచిపోవుదురు. మనము "ఎక్కడ?" అని అడిగి ఊరకుండుచున్నాము. "అక్కడనే ఎందుకు?" అని కూడ అడిగినయెడల పాఠము మరువరానిదగును. అందుకు మన బోధను ప్రాంతముకంటె మంచి పుస్తకము లేదని మేము తలంచుచున్నాము.

మొదట పటము సంగతి. మంజీర మహారాష్ట్రలోని బీడు జిల్లా కొండలలో పుట్టి, బీదరు మీదుగా వచ్చి, సంగారెడ్డి ప్రాంతములో ఉత్తరమునకు మరలి, మన కందకుర్తి వద్ద గోదావరిలో కలియుచున్నది. గోడకు వ్రేలాడు పటములో ఉత్తరము పైన ఉండును గనుక, "నీళ్లు మీదికి ఎట్ల పారుతయి సార్?" అని ఒక పిల్లవాడు అడుగవచ్చును. అది మంచి ప్రశ్న. వెంటనే పటమును దించి, నేలమీద పరచి, దాని ఉత్తరమును నిజమైన ఉత్తరమునకు త్రిప్పవలెను. తరువాత వానకాలములో పత్రికలు ప్రకటించు అంకెలను వ్రాయించవలెను. నిజాంసాగరు పూర్తి మట్టము 1405 అడుగులు, దానికి ఉత్తరమున నున్న శ్రీరాంసాగరుది 1091 అడుగులు. రెండును సముద్ర మట్టమునుండి కొలిచినవే. 314 అడుగుల తేడాను లెక్కించిన పిల్లలు, నదిని నడుపునది నేల వాలేయని తామే చెప్పుదురు.

రెండవది కాలము సంగతి. గల్ఫునకు వెళ్లినవారి కుటుంబములు మనలో అనేకము. దుబాయిలోని తండ్రి రాత్రి 8 గంటలకు ఫోను చేసిన, ఇక్కడ 9.30 అగును. మన గడియారము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును, వారిది 60 డిగ్రీలను అనుసరించును. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున 22½ డిగ్రీలకు 90 నిమిషములు. బోధను దాదాపు 78వ డిగ్రీ దగ్గర నున్నది. క్రిస్మసు దినములలో ఆవరణలో కర్ర నాటి చూడుడి; నీడ మిక్కిలి పొట్టియగునది సుమారు 12.18కి.

మూడవది చెరకు సంగతి. నిజాంసాగరు 1931లో పూర్తియైనది. కాలువ నీరు నల్లరేగడికి చేరినది, చెరకు పెరిగినది, 1937లో శక్కర్‌నగరులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించబడినది. "దానిని హైదరాబాదులో ఎందుకు పెట్టలేదు?" అని తరగతిలో అడుగుడి. పది టన్నుల చెరకు ఆడిన సుమారు ఒక టన్ను చక్కెర వచ్చును. పైగా నరికిన చెరకు ఆలస్యమైనకొలది తీపి కోల్పోవును. కావున ఫ్యాక్టరీయే చెరకు దగ్గరకు రావలసినది.

ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినది. చెరకును దూరపు ఫ్యాక్టరీలకు పంపవలసి వచ్చినది. అనేక పొలములు వరికి మారినవి. ఇచ్చటనే పాఠము కష్టమగును. నేల అదే, నది అదే. మరి ఫ్యాక్టరీ ఎందుకు ఆగినది? ప్రకృతి అవకాశమిచ్చును గాని, దానిని నిలుపుట మనుష్యుల నిర్ణయములమీద ఆధారపడును. ఈ ప్రశ్న అడుగునప్పుడు, పని పోయిన కార్మికుల బిడ్డలు అదే బల్లమీద కూర్చున్నారని ఉపాధ్యాయుడు జ్ఞాపకముంచుకొని మృదువుగా మాటలాడవలెను. అయితే ప్రశ్నను దాటవేయరాదు.

మా మనవి ఒకటి. మీలో ఫ్యాక్టరీలో పనిచేసినవారు, చెరకు పండించినవారు, కాలువ లస్కర్లు, గల్ఫునుండి తిరిగివచ్చినవారు ఉన్నారు. కోస్తా జిల్లాలనుండి వచ్చి ఇక్కడ క్యాంపులు కట్టుకొనిన రైతుల మనుమలున్నారు. ఈ విద్యాసంవత్సరములో ఒక్క గంట పాఠశాలకు వెళ్లి మీరెరిగినది చెప్పుడి. తలిదండ్రులారా, "ఇది పరీక్షలో వచ్చునా?" అని ముందుగా అడుగకుడి. ఈ నేలమీదనే బ్రతుకవలెనా, దూరదేశము పోవలెనా అని మన బిడ్డలు త్వరలోనే నిర్ణయించుకొనవలసియున్నది. ఈ నేలను బాగుగా ఎరిగిన తరువాతనే వారు ఆ నిర్ణయము చేసికొనునట్లు చూతము.