ఎల్‌ఈడీ వేడికి దారి ఇద్దాం
(వార్షిక సభలో పని భద్రతపై చేసిన ప్రసంగ పాఠం)

 

నవంబరు వస్తే కువైట్‌లో ఎడారి క్యాంపుల హడావుడి మొదలవుతుంది. మార్చి దాకా ఇక్కడి కుటుంబాలు టెంట్లు, కారవాన్లు వేసుకుని ఎడారిలో గడుపుతాయి. ఆ కారవాన్లకు లైట్లు బిగించే వర్క్‌షాపుల్లో మనవాళ్లున్నారు, వాటిని లాక్కెళ్లే డ్రైవర్లలోనూ ఉన్నారు. క్యాంపులో వంట చేసే అక్కలు, కాపలా ఉండే తమ్ముళ్లు రాత్రి నడుం వాల్చేది కూడా చాలాసార్లు ఆ కారవాన్‌లోనే. అందుకే ఈ లైట్ల ముచ్చట యజమాని సరదాకు సంబంధించిందే కాదు, మన ప్రాణాలకు సంబంధించింది కూడా.

"ఎల్‌ఈడీ కదా, వేడెక్కదు" అని మనలో చాలామంది అంటుంటారు. అది సగమే నిజం. పాత బల్బు వేడిని వెలుగుతో పాటే ముందుకు చిమ్మేది. ఎల్‌ఈడీ కరెంటు తక్కువ తీసుకుంటుంది, దాని వెలుగులో వేడి తెలియదు. కానీ పుట్టిన వేడి వెనక్కి, చిప్పు కింది పట్టీలోకి దిగుతుంది. అక్కడి నుంచి బయటికి పోయే దారి లేకపోతే లోపలే పేరుకుంటుంది. మొదట వెలుగు తగ్గుతుంది, రంగు మారుతుంది, తర్వాత లైటే పోతుంది. అసలు భయపడాల్సింది వదులైన జాయింట్లకు, గాలాడకుండా మూసిపెట్టిన డ్రైవర్ డబ్బాకు, ఫ్యూజు లేని వైరుకు. మంట లేచేది ఎక్కువగా అక్కడే.

కారవాన్‌లో ఈ వేడి పెరగడానికి ముఖ్యంగా మూడు కారణాలున్నాయి.

మొదటిది వోల్టేజి. స్ట్రిప్ మీద 12 వోల్టులని రాసి ఉంటుంది. కానీ బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు లైనులో 14.4 దాకా వస్తుంది. మామూలు స్ట్రిప్‌లో మూడేసి ఎల్‌ఈడీలకు ఒక రెసిస్టర్ ఉంటుంది. ఎల్‌ఈడీలు సుమారు 9 వోల్టులు తీసుకుంటాయి, మిగిలినదంతా రెసిస్టర్ మీద పడుతుంది. 12 దగ్గర దాని మీద 3 వోల్టులుంటే, 14.4 దగ్గర 5 దాకా పోతుంది. అంటే కరెంటు ఒకటిన్నర రెట్లు కావచ్చు, వేడి ఇంకా ఎక్కువే. లైటు భలే వెలుగుతోందని మనం సంబరపడతాం, కానీ లోపల అది ఉడికిపోతుంటుంది. అందుకే మధ్యలో, వచ్చే వోల్టేజి పెరిగినా తగ్గినా 12 మాత్రమే ఇచ్చే రెగ్యులేటర్ పెట్టాలి. లేదా 10 నుంచి 30 వోల్టులకు పనిచేస్తుందని రాసి ఉన్న లైట్లే తీసుకోవాలి.

రెండోది బిగించే తీరు. ప్లైవుడ్, ఫోమ్ వేడిని పోనివ్వవు. స్ట్రిప్‌ను అల్యూమినియం ఛానెల్‌లోనే అతికించాలి. ఛానెల్‌ను ముందు దుమ్ము, నూనె లేకుండా తుడవాలి. ఈ దేశంలోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండలో యార్డులో మూసి పెట్టిన కారవాన్ లోపల ఇంకా ఎక్కువ ఉంటుంది. ఆ వేడికి జిగురు మెత్తబడి స్ట్రిప్ ఊడి వేలాడుతుంది. సీజన్‌కు ముందు ప్రతి అడుగూ నొక్కి చూడాలి, ఊడిన చోట క్లిప్పులు వేయాలి. డ్రైవర్ డబ్బాను ఫోమ్‌లో పూడ్చకూడదు. రీలు చుట్ట విప్పకుండా లైటు వేసి వదిలేయకూడదు.

మూడోది వైరు. మీటరుకు 14.4 వాట్ల స్ట్రిప్ 5 మీటర్లు వేస్తే 72 వాట్లు, అంటే 6 ఆంపియర్లు. బ్యాటరీ దూరంగా ఉంటే దీనికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయడం మంచిది. బ్యాటరీకి దగ్గరలోనే 7.5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్ ఎడారి దారి కుదుపులకు వదులవుతుంది. క్రింపు చేయాల్సిందే.

పని అయ్యాక ఛార్జరు నడుస్తుండగా, తలుపులు మూసి, గంటసేపు లైట్లు వేసి ఉంచండి. తర్వాత ఛానెల్, డ్రైవర్ డబ్బా, జాయింట్ల పైతొడుగు మీద చెయ్యి పెట్టి చూడండి. అయిదు సెకన్లు ఉంచలేకపోతే ఆ బండి అప్పగించవద్దు. థర్మామీటర్ గన్ వాడేవాళ్లు మెరిసే అల్యూమినియం మీద నల్ల టేపు ముక్క అతికించి కొలవండి. లేకపోతే అది తక్కువ చూపిస్తుంది.

"ఫ్యూజు ఎందుకు, ఛానెల్ ఎందుకు, ఖర్చు దండగ" అని ఫోర్‌మన్ తొందర పెట్టవచ్చు. గొడవ పడవద్దు. ఏం కావాలో ఫొటోతో పాటు ఒక్క ముక్క వాట్సాప్‌లో పంపి, దాన్ని దాచుకోండి. రేపు ఏదైనా జరిగితే నింద చివరగా చెయ్యి పెట్టినవాడి మీదికే వస్తుంది. ఆ రోజు ఆ ఒక్క ముక్కే మనకు ఆసరా.

అక్కలకు, కాపలా తమ్ముళ్లకు ఒక మాట. లైట్ల మీద బట్టలు ఆరేయకండి. డ్రైవర్ డబ్బా ఉన్న అరలో దుప్పట్లు కుక్కకండి. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా, లైటు మినుకుమన్నా, గోడ మీద గోధుమరంగు మచ్చ కనబడినా మెయిన్ స్విచ్ కట్టేసి బయటికి రండి. పొగ కనబడితే స్విచ్ కోసం కూడా ఆగవద్దు. ముందు బయటికి, ఆ తర్వాతే ఫోను. సామాను కోసం మళ్లీ లోపలికి పోవద్దు.

వర్క్‌షాపుల్లో ఉన్న తమ్ముళ్లను మేము కోరేది ఒక్కటే. నవంబరు రాకముందే మీ చేతి మీదుగా పోయే ప్రతి కారవాన్‌ను ఒకసారి ఇలా చూడండి. అందులో పడుకునేది మన అక్కే కావచ్చు, మన తమ్ముడే కావచ్చు.