నిన్నటి జెట్టీలు, నేటి జెట్టీలు

మా ఇంట్లో సాయంత్రం వేళ జరిగే వాదాలలో ఎన్నటికీ తేలనిది ఒకటున్నది. దానికి వాది మా నాన్నగారు, ప్రతివాది మా అబ్బాయి. మధ్యవర్తిని నేను. విషయం రాజకీయమూ కాదు, సినిమా కాదు, కుస్తీ. అందులోనూ తాలింఖానాలో సాధన చేసే కుస్తీ కాదు. టిక్కెట్టు కొని చూసే వృత్తి కుస్తీ. "మా రోజుల్లో దారాసింగు పట్టినది కుస్తీ. ఇప్పటిది వేషాలు కట్టి ఆడే భాగోతం" అంటారు నాన్నగారు. "అప్పుడూ ఇంతే, తాతయ్యా! మీకు తెలియలేదు" అంటాడు వాడు. చివరకు ఇద్దరూ నా వంక తిరుగుతారు. ఇంట్లో ఇన్నాళ్ళూ దాటవేస్తూ వచ్చిన ఆ తీర్పును ఈ పూట శ్రోతల ఎదుట చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నాన్నగారి పక్షాన బలమైన సాక్ష్యమే ఉన్నది. అది గామా పహిల్వాను చరిత్ర. 1910 సెప్టెంబరు 10వ తేదీన లండను నగరంలో గామా, పోలెండు దేశపు జెట్టి స్టానిస్లాస్ జిబిస్కోతో తలపడ్డాడు. ఆ కుస్తీ రెండున్నర గంటలకు పైగా సాగింది. అందులో చాలా భాగం జిబిస్కో నేలను కరుచుకొని పడుకొనే ఉన్నాడు. గామా అతనిని కదల్చలేకపోయాడు. అతడు గామాను ఎదిరించి నిలువలేకపోయాడు. గెలుపోటములు తేలలేదు. వారం గడిచిన తరువాత మళ్ళీ తలపడవలసిన నాడు జిబిస్కో రానే లేదు. విజయం గామాకు దక్కింది. తిరిగి 1928లో పటియాలాలో ఆ ఇద్దరే ఎదురుపడ్డారు. ఈసారి ఒక నిమిషమైనా నిండకముందే గామా అతనిని వెల్లకిలా పడవేశాడు. ఒకటి చూసేవారికి విసుగు పుట్టించేటంత దీర్ఘమైనది. రెండవది రెప్పపాటులో ముగిసినది. ఉన్నవాళ్ళు ఉన్నట్లు పోట్లాడుకుంటే అట్లాగే ఉంటుంది. ప్రేక్షకుల ముచ్చట తీర్చవలసిన బాధ్యత నిజమైన పోరుకు లేదు.

ఇంతవరకు విన్నవారికి అప్పటి కుస్తీ నిజం, ఇప్పటిది బూటకం అన్న మాట స్థిరపడినట్లే తోస్తుంది. అయితే ఈ జిబిస్కోనే మా అబ్బాయి కూడా తన సాక్షిగా పిలువవచ్చు. గామాతో జరిగిన ఆ రెండు కుస్తీల నడుమ జిబిస్కో అమెరికాలో ఉన్నాడు. గంటల తరబడి సాగే కుస్తీలను చూసే ఓపిక జనానికి లేదని అక్కడి వ్యాపారులు అప్పటికే గ్రహించారు. పట్టులు మెరుపులా మారాలి, మనుషులు ఎగిరి పడాలి, గంట లోపల ముగియాలి; గెలిచేవాడెవడో ముందే తెలిసి ఉండాలి. ఈ ఏర్పాటు ప్రకారమే 1925 జనవరిలో వేన్ మన్ అనే ఫుట్‌బాల్ ఆటగాణ్ణి జగజ్జెట్టిని చేశారు. ఆజానుబాహుడే గాని కుస్తీ విద్యలో అతడు పండినవాడు కాడు. ఆ సంవత్సరమే ఏప్రిల్ 15వ తేదీన ఫిలడెల్ఫియాలో జిబిస్కో అతని చేతిలో ఓడిపోవలసి ఉన్నది. ఓడిపోతానని మాట ఇచ్చి గోదాలో దిగిన జిబిస్కో, తీరా గంట మ్రోగిన తరువాత నిజంగానే కుస్తీ పట్టాడు. జగజ్జెట్టి నేలకరిచాడు. అంటే 1925 నాటికే, వృత్తి కుస్తీలో నిజంగా పోరాడడం మాట తప్పడమైనది! ఇది జరిగి శతాబ్దం దాటింది. నాన్నగారు అప్పటికి పుట్టనైనా లేదు.

ఇక దారాసింగు సంగతి. 1968 మే 29వ తేదీన బొంబాయిలో ఆయన అమెరికా జెట్టి లూ థెజ్‌ను ఓడించి జగజ్జెట్టి అయ్యాడు. ఆ వార్త పత్రికలో చదివేనాటికి నాన్నగారికి ఇరవై రెండేళ్ళు. ఆ పేరు చెప్పగానే ఆయన వెన్ను నేటికీ నిటారు అవుతుంది. దారాసింగు బలమూ, శిక్షణా శంకించరానివి. కాని ఆయన పేరు మార్మోగినది గామా నాటి మట్టి గోదాలో కాదు. నాలుగు వైపులా తాళ్ళు కట్టిన రింగులో, అమెరికాలో రూపుదిద్దుకొన్న ఆ వృత్తి కుస్తీలోనే. ఆయన ప్రత్యర్థులలో ప్రసిద్ధుడైన కింగ్‌కాంగ్‌నే చూడండి. హంగరీ దేశీయుడైన ఆయన అసలు పేరు ఎమిల్ చాయా. 1933లో వచ్చిన అమెరికా సినిమాలోని రాక్షస వానరం పేరుతో ఆయన రింగులోకి వచ్చేవాడు. వేషాలు కట్టడం నేటివారు కనిపెట్టిన విద్య కాదని చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలు.

మధ్యవర్తినైన నాకు కూడా ఒక కాలమున్నది. 1990 దశకంలో కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో, మా బడి పిల్లల జేబుల నిండా ట్రంపు కార్డులుండేవి. ఒక్కొక్క జెట్టి బొమ్మ కింద అతని ఎత్తు, బరువు, ఛాతీ కొలత అచ్చువేసి ఉండేవి. గుణింతాల కంటే అవే మాకు బాగా కంఠస్థం. అండర్‌టేకర్ చచ్చి బ్రతికినవాడని మా వీధిలో శపథం చేసి చెప్పినవారున్నారు. ఆ భక్తిలో నేనొకనాడు మా డాబామీది నీళ్ళ తొట్టి గట్టు ఎక్కి, కింద పరుపుమీద పడుకొన్న నా తమ్ముడి మీదికి దూకాను. వాడు పక్కకు తప్పుకోవాలన్నది మా ఒప్పందం. తప్పుకోవడం ఒక్క క్షణం ఆలస్యమైంది. వాడి మెడకింది ఎముక విరిగింది. ఆసుపత్రి వరండాలో నాన్నగారు నన్ను కొట్టలేదు. "అదంతా నాటకమని చెప్పానా, లేదా?" అని మాత్రం అడిగారు. నాటకమైతే తమ్ముడెందుకు ఏడుస్తున్నాడో నాకు ఆనాడు అర్థం కాలేదు.

నాటకమంటే ఏమిటో కొంత తెలిసినది ఈ రేడియో ఉద్యోగంలో చేరిన తరువాతనే. రేడియో నాటకంలో గుర్రపు డెక్కల చప్పుడు కొబ్బరి చిప్పలతో చేయవచ్చునని శ్రోతలెరుగుదురు. అయినా రాజుగారి గుర్రం వచ్చినప్పుడు వారి గుండె వేగం హెచ్చుతుంది. వారు మోసపోవడం లేదు. కొంతసేపు నమ్మడానికి మనసారా ఒప్పుకొంటున్నారు. వీధి భాగవతంలో కీచకుడు చావక తప్పదని తెలియని పల్లె ఉన్నదా? తెలిసే తెల్లవార్లూ కూర్చుంటారు. మన వీరఘట్టం నుంచి బయలుదేరిన కోడి రామమూర్తినాయుడుగారు సర్కసు డేరాలో ఏనుగును ఛాతీమీద నిలుపుకొన్నప్పుడు, గెలిచినదెవరు, ఓడినదెవరు అని అడిగినవాడు లేడు. జనం చూడవచ్చినది మనిషి సత్తువను.

కాబట్టి ముందే తీర్మానించిన ఆట అయినంత మాత్రాన అది నింద్యం కాదు. తీర్మానించి, లేదని బొంకడమే నింద్యం. ఈ విషయంలో నేటివారు నిన్నటివారికంటే ఒక మెట్టు పైనే ఉన్నారని చెప్పాలి. 1989లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రపు శాసనసభ్యుల ఎదుట, నేటి డబ్ల్యూ.డబ్ల్యూ.ఇ. సంస్థకు పూర్వరూపమైన కంపెనీ, తమది పోటీ కాదు, వినోదమేనని ఒప్పుకొన్నది. సత్యవ్రతం చేత కాదు. క్రీడలకు వర్తించే నియంత్రణ నుంచి తప్పించుకొనడానికి. ఉద్దేశమేదైనా, దాచిన మాట బయటపడింది.

అయితే ఇక్కడే మా అబ్బాయి వంటి వారు కూడా ఒక పొరపాటు పడతారు. ఫలితం కల్పితమని తెలిసినది మొదలు, దెబ్బ కూడా కల్పితమే అనుకొంటారు. 1998 జూన్ 28వ తేదీన పిట్స్‌బర్గులో మిక్ ఫోలీ అనే జెట్టి సుమారు పదహారడుగుల ఇనుప పంజరంపై నుంచి కిందనున్న వ్యాఖ్యాతల బల్లమీదికి పడ్డాడు. ఆ పడటం ముందే అనుకొన్నదే. కాని భూమ్యాకర్షణతో ఎవరు ఒప్పందం చేసుకోగలరు? మరుసటి యేడు, 1999 మే 23వ తేదీన, కాన్సస్ సిటీలో ఓవెన్ హార్ట్ అనే యువకుణ్ణి వినోదం కోసం పైకప్పు నుంచి తాడుతో దింపబోయారు. కొక్కెం ఊడింది. డెబ్బది ఎనిమిది అడుగుల ఎత్తు నుంచి పడి అతడు మరణించాడు. అప్పటికతనికి ముప్పది నాలుగేళ్ళు. ఆ రాత్రి మిగిలిన కుస్తీలు ఆగలేదు. చూసేవారిలో ఎందరో అది కూడా ఆటలో భాగమే కాబోలు అనుకొన్నారు. నమ్మడం ఎంత తేలికో, నమ్మకపోవడం కూడా అంత తేలికేనని, రెండింటికీ మూల్యం చెల్లించేది గోదాలోని మనిషేనని ఆ రాత్రి తెలియవచ్చింది.

2023 సెప్టెంబరు 8వ తేదీన ఈ అమెరికా కుస్తీ మన హైదరాబాదుకు వచ్చింది. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనాను చూడాలని మా అబ్బాయి పట్టుబట్టాడు. తోడుగా నాన్నగారు కూడా వచ్చారు. వచ్చినది వెక్కిరించడానికేనని నాకు తెలుసు. దీపాలు వెలిగాయి, పాట మ్రోగింది, వేలాదిమంది లేచి కేకలు వేశారు. మా వాడు కుర్చీ మీద నిలవలేదు. నాన్నగారు చేతులు కట్టుకొని కూర్చున్నారు. ఒక కుస్తీ ముగిసింది. గెలిచినవాడు చేతులెత్తి నలుదిక్కులా తిరుగుతున్నాడు. జనం చూపులన్నీ అతనిమీదనే. నాన్నగారు మాత్రం కుర్చీలో ముందుకు వంగి, ఓడి పడి ఉన్నవాని వైపు చూస్తున్నారు. అతడు మెల్లగా లేచి, తాళ్ళు పట్టుకొని దిగి, తన కాళ్ళమీద తాను నడిచి వెళ్ళేవరకు ఆయన చూపు తిప్పలేదు. అప్పుడు వెనక్కు ఆనుకొని, "ఫరవాలేదు, లేచాడు" అన్నారు.

ఇంటికి వస్తూ దారిలో తాతా మనవలు మళ్ళీ వాదం మొదలుపెట్టారు. నిన్నటిది గొప్పదా, నేటిది గొప్పదా అని. సాగనిమ్మని ఊరుకొన్నాను. నన్ను తీర్పు అడిగితే చెప్పేది ఇంతే: గెలిచినవాడెవరో ముందే వ్రాసి ఉండవచ్చు. పడినవాడు లేచాడా, లేదా అన్నది మాత్రం ఏ కాలంలోనూ ఎవరూ ముందు వ్రాయలేదు. మనం కుస్తీ చూసినంతకాలమూ, చూడవలసినది అది.