మెకానిక్ పని నుండి విమానం నడిపేదాకా

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



తనిఖీకి వచ్చినప్పుడు మీరు పిల్లల చదువు సంగతులు నాతో చెబుతుంటారు. "మావాడికి ఇంజనీరింగు సీటు రాలేదండీ, మెకానిక్ పని నేర్చుకుంటున్నాడు" అని కొందరు చిన్నబోతారు. నేనూ డిప్లొమా చదివినవాడినే. అందుచేత ఈరోజు లెక్కల పుస్తకాలు కాసేపు పక్కన పెట్టి, మెకానిక్‌గా మొదలై విమానం నడిపిన ఒకాయన చరిత్ర చెబుతాను.

ఆయన పేరు కార్నీలియస్ కాఫీ. అమెరికాలో పుట్టిన నల్లజాతి మనిషి. చికాగోలో మోటారు కార్లు బాగుచేసేవాడు. జాన్ రాబిన్సన్ అనే మిత్రుడిదీ అదే పని. ఇద్దరికీ విమానాల మీద మనసు. కర్టిస్ రైట్ విమాన విద్యాలయంలో మెకానిక్ శిక్షణకు దరఖాస్తు పెట్టి ఫీజు కట్టారు. తీరా మనుషులు వెళ్లేసరికి రంగు చూసి చేర్చుకోమన్నారు. వీరికి పని ఇచ్చిన కార్ల వ్యాపారి ఎమిల్ మాక్, కోర్టుకు వెళ్తామని గట్టిగా చెప్పాకే తలుపు తెరిచారు. 1931లో ఇద్దరూ పట్టా పుచ్చుకున్నారు. తరువాత ఆ విద్యాలయమే నల్లజాతి విద్యార్థులకు తరగతులు పెట్టి, వీరినే ఉపాధ్యాయులుగా నియమించింది. అమెరికాలో మెకానిక్ లైసెన్సు, పైలట్ లైసెన్సు రెండూ పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి కాఫీయే.

మెకానిక్ పని పైలట్‌కు ఎందుకు పనికొస్తుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. చిన్న విమానం ఎక్కేముందు పైలట్ ట్యాంకు అడుగు నుండి కాస్త పెట్రోలు గాజు గొట్టంలోకి తీసి చూస్తాడు. నీరు బరువు గనుక అడుగున చేరుతుంది. ఆ నీరు ఇంజనులోకి పోతే అది ఆకాశంలో ఆగిపోతుంది. పాలలో కలిసిన నీరు అలా అడుగుకు దిగదు కాబట్టి మనకు లాక్టోమీటరు కావాలి. పరీక్ష వేరైనా, పరీక్ష లేనిదే ముందుకు పోరాదన్న నియమం ఒకటే. ఇంజను విప్పి బిగించినవాడికి ఆ నియమం ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక ఎగరడానికి నేల కావాలి. నల్లవారికి విమానాశ్రయాల్లో చోటు దొరకడం కష్టం. వారంతా సంఘంగా చేరి, రాబిన్స్ అనే నల్లవారి ఊరిలో సొంతంగా నేల చదును చేసి, షెడ్డు వేసుకున్నారు. 1933లో గాలివాన వచ్చి షెడ్డునూ విమానాలనూ ధ్వంసం చేసింది. వారు సంఘం రద్దు చేసుకోలేదు. హార్లెం అనే మరో విమానాశ్రయానికి మారి పని సాగించారు. మెకానిక్ శిక్షణ పొందిన విల్లా బ్రౌన్ అనే మహిళ 1938లో పైలట్ లైసెన్సు సంపాదించింది. ఆమె, కాఫీ కలిసి నడిపిన విమాన పాఠశాలలో నేర్చినవారిలో కొందరు రెండవ ప్రపంచ యుద్ధంలో టస్కెగీ వైమానిక దళంలో చేరారు.

సోదరులారా, దీనిలో మనకు పనికొచ్చేవి రెండు సంగతులు.

మొదటిది పిల్లల విషయం. మన దేశంలోనూ విమాన మెకానిక్ శిక్షణ ఉంది, పైలట్ శిక్షణా ఉంది. మొదటిది చదివితే రెండవది దానంతట రాదు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు వైద్య పరీక్ష, రాత పరీక్షలు, 200 గంటలు ఎగిరిన అనుభవం కావాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. కాబట్టి ఏజెంటు మాట నమ్మి పొలం తాకట్టు పెట్టకండి. ఆ సంస్థకు పౌర విమానయాన డైరెక్టరేట్ గుర్తింపు ఉన్నదీ లేనిదీ ముందు విచారించండి. చేతిలో పని ఉన్న పిల్లవాడు సంపాదించుకుంటూ ఆగి పోగలడు. అది చిన్నబోయే విషయం కాదు.

రెండవది సంఘం విషయం. కాఫీని గుమ్మంలో ఆపింది ఆయన పనితనం చూసి కాదు, పుట్టుక చూసి. మన సంఘంలో వెన్న శాతం చూస్తాం, పోసినవారి కులం చూడం. సభ్యత్వం అర్హులందరికీ అని సహకార సూత్రాల్లోనే ఉంది. అయినా పాలు పోసేవారు కొందరికి ఏళ్ల తరబడి వాటా ఇవ్వని సంఘాలు నా తనిఖీలో కనబడుతూనే ఉన్నాయి. వచ్చే మహాసభలోపు మీ పాల రిజిస్టరును, సభ్యుల రిజిస్టరును పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి దానిలో ఉండి రెండవ దానిలో లేని పేర్లు రాసుకొని, వారి దరఖాస్తులు తీసుకోండి.