కోడికెంత నేల కావలెను?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



నన్ను నాలుగు మాటలు పలుకుమని నిర్వాహకులు కోరినప్పుడు, భారతమును గూర్చియో భాగవతమును గూర్చియో ప్రసంగింతునని పలువురు తలచియుందురు. నేడు నేను పెరటి కోళ్ళను గూర్చి మాటలాడదలచితిని. నవ్వుదురేని నవ్వుడు. ఊరి భూముల లెక్కలు వ్రాయుచు తల నెరసినవాడను. ఆ కొలతలలో నేను చేసిన యొక తప్పు కోళ్ళ మూలమున నాకు తెలిసినది.

నాలుగేండ్ల క్రిందట ఇరుగుపొరుగు ఇల్లాండ్ర నడుమ తగవు పుట్టినది. ఒకామె కోళ్ళు పొరుగామె తోటకూర మడులను గీరి విత్తనములు తినివేయుచుండెను. కోళ్ళుగలామెకు భర్త లేడు. గ్రుడ్లమ్మిన పైకముతోనే కుమార్తెకు పుస్తకములు కొనుచుండెను. తగవు తీర్పుమని నన్ను పిలిచిరి. నేను టేపు తీసికొని పోయి హద్దు కొలిచితిని. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున దడి కట్టి, కోళ్ళను అందులో నుంచుమని చెప్పి, న్యాయము చేసితినని సంతసించుచు ఇల్లు చేరితిని. కోళ్ళెన్ని యని మాత్రము అడుగలేదు. అవి పండ్రెండు.

నెల తిరుగకముందే దడిలో పచ్చని పోచ మిగులలేదు. శ్రావణమున వానలు పట్టగా నేల రొచ్చయ్యెను. కోళ్ళు ఒకదాని తోక నొకటి పొడుచుకొనసాగెను. పడుచు పెట్టలకు రక్తపారుడు పట్టెను. ఏడు చచ్చినవి. నేను చూడబోగా ఆమె నన్ను నిందింపలేదు. “మీరు చెప్పిన కొలతకే కట్టానండి, బాబుగారూ” అని మాత్రమనెను. సూదిమొన మోపునంత నేలనైన నీయనన్న దుర్యోధనుని పురాణ కాలక్షేపములలో నేను పలుమారు దూషించియుంటిని. నోరులేని జీవములకు నేనిచ్చినది తలకు నాలుగు చదరపుటడుగులు!

పిదప పశువైద్యునడిగితిని. మన గ్రంథాలయమునందలి కోళ్ళపెంపకపు పుస్తకములు చదివితిని. తెలిసికొన్నది మీకు మనవి చేయుదును.

కోడి దినమునకు సుమారు నూరు గ్రాముల రెట్ట వేయును. పండ్రెండు కోళ్ళు నెలకు ముప్పదియారు కిలోలు వేయును. అది విశాలమైన నేలపై బడిన ఎరువు. ఇఱుకున బడిన రోగము. రక్తపారుడు క్రిమి తడియు వెచ్చదనమును గల చోట ఒకటి రెండు దినములలోనే అంటుకొనుటకు సిద్ధమగును. ఏలికపాముల గ్రుడ్లు నేలలో నెలల తరబడి చావక యుండును. గీరుటకు చోటు, ఏరుకొనుటకు పురుగు లేనిచో కోడి తోడి కోడి ఈకలనే పొడుచును.

కావున లెక్క యిది. రాత్రి నిద్రించుటకు మాత్రమైన గూటిలో తలకు రెండు మూడు చదరపుటడుగులున్న గడచును. పగలు దడిలోనే యుండవలసిన కోడికి పది చదరపుటడుగులకు తగ్గరాదు. అది చదరపు గజమునకు కొంచెము మించును. అంతమాత్రమున పచ్చిక నిలువదు గాన, ఊకయో ఎండుటాకులో దట్టముగా పరచి, తడిసినదానిని తీసివేయుచుండవలెను. ఐరోపా సమాఖ్య దేశములలో, ఆరుబయట తిరిగిన కోళ్ళ గ్రుడ్లని చెప్పి అమ్ముటకు కోడికి నాలుగు చదరపు మీటర్ల నేల చూపవలెను. అనగా నలుబదిమూడు చదరపుటడుగులు. మన సెంటు నాలుగువందల ముప్పదియారు చదరపుటడుగులు గదా! సెంటునకు పది కోళ్ళు. ఇంత సులువైన లెక్క నా వృత్తిలో నాకు మరియొకటి తగులలేదు.

కొలత యొక్కటియే చాలదు. కోడి అడవి కోడి సంతతి. నీడ లేని బయలున గ్రద్దకు వెరచి గోడ వెంటనే యుండును. మునగయో కానుగయో యున్నచో నేలనంతయు వాడుకొనును. వాననీరు పారుటకు వాలు, పొర్లాడుటకు పొడిమట్టి, రాత్రి పిల్లికిని ముంగిసకును అందని తలుపు కావలెను. కొక్కెర తెగులు టీకా మానరాదు. ఎంత విశాలమైన పెరడైనను దానికి బదులు కాదు. నేలను రెండుగా పంచి, ఒకదానిలో కోళ్ళను విడిచి, రెండవదానిని ఎండనిచ్చుట మంచిది.

ఈ కడపటి మాటయే ఆ తగవును తీర్చినది. నేను మరల పోయి, నా తీర్పు తప్పని ఇద్దరి యెదుటను ఒప్పుకొంటిని. మిగిలిన ఐదు కోళ్ళకు ఆమె పెరటిలోనే అరసెంటు చుట్టి దడి కట్టించితిమి. పొరుగామె తనంత తానే, “వేసవిలో మా మళ్ళు ఖాళీగానే ఉంటాయి, అప్పుడు తోలుకోవే వదినా” అన్నది. ఎండకాలమున కోళ్ళు ఆ మడులలో పురుగులనేరి, గీరి, ఎరువు వేసి వచ్చుచున్నవి. విత్తనము వేయువేళకు తమ దడిలోనికి మరలుచున్నవి. కూరగట్టలు ఇటును, గ్రుడ్లు అటును పోవుచున్నవి.

హద్దు కొలుచుట నేర్చినవాడను నేను. హద్దులోపల బ్రదుకువారికెంత కావలెనో కొలువవలెనని ఈ గ్రంథాలయపు పుస్తకము నేర్పినది. మీరును దడి కట్టకముందు కోళ్ళను లెక్కించుడు. నేల తక్కువైనచో కోళ్ళను తగ్గించుకొనుడు.