తీసేసిన సీను కథలో జరిగినట్టా?



 మా మాస్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసానికి ఒప్పుకోవడానికి గౌరవం ఒక కారణం. ఏళ్ల తరబడి నేను పడుతున్న ఒక తగాదాను గంటసేపు ఎవరూ అడ్డుపడకుండా చెప్పుకునే వీలు ఇంకెక్కడా దొరకకపోవడం రెండో కారణం. దాచడమెందుకు, రెండోదే పెద్దది.

మాస్టారి పాండిత్యం గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు తెలిసిన సంగతులు వేరు. ఆయన చేతిరాత నాకెన్నడూ కొరుకుడు పడలేదు. ఉత్తరం వస్తే మా ఆవిడ చదివి వినిపించేది, నన్ను తిట్టిన వాక్యాలు మాత్రం కాస్త గట్టిగా. ఆయన కాఫీలో పంచదార వేసుకునేవారు కాదు. తెలియక ఎవరైనా వేసిస్తే ఆ ఇంటివైపు మళ్లీ వెళ్లేవారు కాదు. మా ఉత్తరాల్లో నడిచిన తగాదా ఒక్కటే. రచయిత వద్దనుకుని తీసేసిన భాగానికి కథలో చోటుందా, లేదా? ఉందని ఆయన, లేదని నేను. జవాబివ్వడానికి ఆయన ఇవాళ లేరు కనక ఆయన వాదాన్ని నేనే చేతనైనంత బలంగా చెప్పి, ఆ తరవాత ఖండిస్తాను. శిష్యులు ముందువరసలోనే ఉన్నారు. నేను తగ్గించి చెప్పానని తోస్తే చివర్లో లేవండి.

మాస్టారు ఎప్పుడూ ముందుకు తెచ్చేది కన్యాశుల్కాన్నే. 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని కొత్త నాటకం అనదగినంతగా తిరగరాశారు. అయిదంకాలు ఏడయ్యాయి, మధురవాణి పాత్ర ఎక్కడికో ఎదిగిపోయింది. పరిశోధకుడు బంగోరె పుణ్యమా అని మొదటి కూర్పు మళ్లీ వెలుగు చూశాక రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవడం మా తరానికి అలవాటైంది. ఆ అలవాటు మంచిదే. దాని వెంట వచ్చిన దురలవాటు మీదే నా ఫిర్యాదు. 1909 నాటకంలో ఫలానా పాత్ర ఎందుకిలా ప్రవర్తించిందని అడిగితే, 1897లో ఆ పాత్ర అలాంటిది కనక అని జవాబు చెబుతారు. రచయిత రద్దుచేసిన జీవితాన్ని తెచ్చి ఆ పాత్ర మెడకు మళ్లీ కడతారు.

పాఠపరిష్కరణ చరిత్రలోకి నేను పోను. బ్రౌను పండితుల్ని కూర్చోబెట్టి ప్రతులు సరిచూపించడం, మానవల్లి వారి కృషి, వేటూరి ప్రభాకరశాస్త్రి గారి పద్ధతి, ప్రక్షిప్తాల గొడవ, ఇవన్నీ ఈ సభకు కొత్త కావు. ఆ పెద్దలకు లేని ఒక సౌకర్యం మనకుంది. తీసేసిన భాగం నటులతో, వెలుతురుతో, సంగీతంతో సహా కళ్లెదుట కనిపిస్తుంది, డబ్బిస్తే డిస్కులో దొరుకుతుంది. అందుకే ఇవాళ టెలివిజన్‌ని సాక్షిగా పిలుస్తున్నాను. సాహిత్య సభలో టీవీ ఏమిటని కమిటీలో ఒకరు నసిగారని విన్నాను. నసగనివ్వండి.

మాస్టారి మొదటి వాదం ఇది: "తీసేసిన సీనునూ రాసింది ఆ రచయితే, నటించింది ఆ నటులే. అది వాళ్ల ఊహలో జరిగింది. నువ్వెవరివి కాదనడానికి?"

అమెరికాలో 2005 నుంచి 2014 దాకా సీబీఎస్‌లో 'హౌ ఐ మెట్ యువర్ మదర్' అనే హాస్య సీరియల్ తొమ్మిది సీజన్లు నడిచింది. 2030లో ఒక తండ్రి తన ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్ల అమ్మను తానెలా కలిశాడో చెబుతుంటాడు. 2014 మార్చి 31న వచ్చిన చివరి భాగంలో తేలేదేమంటే, ఆ తల్లి చనిపోయి ఆరేళ్లయింది. పిల్లలే నాన్నను పాత స్నేహితురాలు రాబిన్ దగ్గరికి పొమ్మంటారు. జనం మండిపడ్డారు. అదే ఏడాది వచ్చిన డిస్కులో ఇంకో ముగింపు పెట్టారు. అందులో తల్లి బతికే ఉంటుంది, కథ రైల్వే ప్లాట్‌ఫారం మీద వాళ్లిద్దరూ కలవడంతో ఆగుతుంది.

రెండూ ఆ సృష్టికర్తలవే, రెండింటిలోనూ ఆ నటులే. మాస్టారి సూత్రం ప్రకారం రెండూ జరిగినట్టే. అయితే ఆ పిల్లలకు తల్లి ఉందా, లేదా? ఆ ఇంట్లో ఆ కథ చెప్పడానికి కారణమే మారిపోతుంది. మొదటి దాంట్లో భార్య పోయినవాడు పిల్లల అనుమతి కోసం చుట్టూ తిరిగి చెప్పిన కథ. రెండో దాంట్లో సుఖంగా ఉన్నవాడు సరదాకి చెప్పిన కథ. తొమ్మిది సీజన్లలో ప్రతి వాక్యం స్వరం దీన్నిబట్టి మారుతుంది. రెండూ నిజమే అంటే ఏ వాక్యానికీ ఏ స్వరమూ లేనట్టు. సొంత రుచి చెప్పమంటే నాకు డిస్కు ముగింపే ఎక్కువ నచ్చింది. అయినా ఆ తల్లి చనిపోయింది. నా రుచికి ఆమెను బతికించే అధికారం లేదు.

ఇక్కడ మాస్టారు ఒక గట్టి దెబ్బ కొట్టారు. అది చెప్పకుండా దాటేస్తే అన్యాయం. పిల్లల వేషాలు వేసినవాళ్లు పెద్దవాళ్లైపోతారని, ప్రసారమైన ముగింపులో వాళ్లు కనిపించే సీనును రెండో సీజను రోజుల్లోనే రహస్యంగా తీసి దాచారు. "ఒకే రూపానికి కట్టుబడటమంటే ఇదేగా, దానివల్లేగా కథ పాడైంది" అని రాశారాయన. ఆ వాక్యాన్ని మా ఆవిడ రెండుసార్లు చదివింది.

నా జవాబు: కట్టుబడటం తప్పు కాదు, ఎప్పుడు కట్టుబడ్డారన్నది తప్పు. వాళ్లు కట్టుబడింది ఒక రీలుకి. కథ ఇంకా పుట్టనేలేదు. మధ్యలో ఏళ్లు గడిచాయి, పాత్రలు వేరే దారి పట్టాయి, రాబిన్ ఇంకొకర్ని పెళ్లాడటానికి చివరి సీజను దాదాపు మొత్తం ఖర్చుపెట్టారు, తల్లి పాత్రలో వచ్చిన నటి జనం మనసు దోచుకుంది. కథ ఎటు పోయినా పాత రీలు మాత్రం అక్కడే కాచుకుని ఉంది. గురజాడ చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. చేతిలో అచ్చైన పుస్తకం, ఆడి మెప్పు పొందిన నాటకం ఉన్నాయి. కొత్త మధురవాణికి పాత నాటకం చాలదని తెలిశాక పాతదాన్ని మోసుకురాలేదు. తిరగరాసి, తిరగరాసినదానికి కట్టుబడ్డారు. వాళ్లకు లేనిది, ఆయనకు ఉన్నది ఒకటే: వదులుకునే ధైర్యం.

రెండో వాదం ఖాళీల గురించి. తీసేసిన సీను కథలో ఉన్న ఖాళీని పూరిస్తే దాన్ని కలుపుకుంటే ఏం పోయింది? 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సీరియల్ చూసిన కుర్రవాళ్లు ఇలాంటిది ఒకటి తెచ్చి నామీద విసిరారు. పైసెల్ అనే ముసలి ఆస్థాన పండితుడు వణుకు నటిస్తాడనీ, టైవిన్ అనే ప్రభువు దాన్ని పసిగట్టేశాడనీ చూపే సీను మూడో సీజనులో తీసి కత్తిరించారు. చాలా బాగుంటుంది. కానీ గది ఖాళీ కాగానే ఆ ముసలాయన నడుం నిటారుగా చేసి ఒళ్లు విరుచుకోవడం మొదటి సీజను చివర్లోనే ప్రసారమైంది. చూసినవాడికి నటన సంగతి అప్పుడే తెలుసు. ప్రసారమైన కథే ఆ మాట చెప్పి ఉంటే తీసేసిన సీను పునరుక్తి. చెప్పకపోతే, చెప్పకూడదన్నదే కథ నిర్ణయం. రెండు దార్లలో ఏది పట్టినా ఆ సీనుకి చేసే పని లేదు.

మూడోదే అసలైన వాదం. "కోత కోసింది రచయిత కాదు. చానలు, నిర్మాత, ఎడిటరు. వాళ్ల కత్తెరకి రచయిత నిర్ణయమనే గౌరవం ఎందుకిస్తావు?" దీనికి మాస్టారు జెరోమ్ మెక్‌గాన్ 1983 పుస్తకాన్ని తోడు తెచ్చుకునేవారు. రచన ఒక్కడి సొత్తు కాదు, ముద్రాపకుడూ సంస్థా పాఠకుడూ కలిసి చేసిన సామాజిక వస్తువు అంటాడాయన. జాన్ బ్రయంట్ 2002లో ఇంకాస్త ముందుకెళ్లి, రచన అంటేనే ప్రవాహం, అన్ని రూపాలూ కలిస్తేనే అది అన్నాడు.

మెక్‌గాన్ మాస్టారి పక్షాన నిలబడడు. రచన సామాజిక వస్తువే అయితే, నలుగురి ముందుకు వచ్చిన రూపానికే బలం పెరుగుతుంది, సొరుగులో మిగిలినదానికి తగ్గుతుంది. బ్రయంట్ చెప్పింది రచన పుట్టిన తీరుకి చరిత్ర. దానితో నాకు పేచీ లేదు. ఆ చరిత్రను కథలోని సంఘటనగా లెక్కవేసినప్పుడే పేచీ.

షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' చూడండి. 1608 క్వార్టోలో తుపాను రాత్రి పిచ్చెక్కిన రాజు లేని కూతుళ్లను ఎదుట నిలబెట్టినట్టు ఊహించుకుని విచారణ జరుపుతాడు. 1623 ఫోలియోలో ఆ విచారణ లేదు. పద్దెనిమిదో శతాబ్దం నుంచి పరిష్కర్తలు రెండింటినీ కలిపి ఒక లియర్ తయారుచేశారు. మనం చదువుకున్నది అదే. 1983లో 'ద డివిజన్ ఆఫ్ ద కింగ్‌డమ్స్' వ్యాసకర్తలు అవి రెండు వేరు నాటకాలని వాదించాక, 1986లో ఆక్స్‌ఫర్డ్ సంపాదకులు చేసిందేమిటి? ఆ కలిపిన నాటకాన్ని పక్కన పెట్టి రెండు లియర్లను విడివిడిగా అచ్చువేశారు. ఎందుకంటే కలిపినది ఎవరూ రాయని మూడో నాటకం. విచారణ లేని లియర్ చిన్నబోయాడని అనుకుంటే క్వార్టో చదవండి, అది పూర్తి నాటకమే. ఫోలియో ఆడుతూ మధ్యలో ఆ సీనును దొంగతనంగా చొప్పించవద్దు.

అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ సంగతీ చెప్పేస్తాను, లేకపోతే ముందువరస ఊరుకోదు. సంపాదకుడు గోర్డన్ లిష్ 1981 సంపుటిలోని కథల్ని నిర్దాక్షిణ్యంగా నరికాడు. కార్వర్ బాధపడ్డాడు. కానీ ఆయన ఏం చేశాడు? 'ద బాత్' అని అచ్చైన కథను పెద్దదిగా, 'ఎ స్మాల్, గుడ్ థింగ్' పేరుతో 1983లో మళ్లీ ప్రచురించాడు. మొదటి దాంట్లో బిడ్డ బతుకుతాడో లేదో తేలదు. రెండో దాంట్లో చనిపోతాడు. అవి రెండు కథలు. కోతలో పోయినదాన్ని వెనక్కి తేవాలంటే రచయిత మళ్లీ సంతకం పెట్టాలి.

'స్టార్ ట్రెక్' సీరియల్ దీనికి మరింత తేటైన సాక్ష్యం. మొదట తీసిన 'ద కేజ్' అనే భాగాన్ని ఎన్‌బీసీ తిరస్కరించింది. ఆ ఫిల్మును 1966 నవంబరులో 'ద మెనాజరీ' అనే రెండు భాగాల కథలో వాడుకున్నారు. ఎలా? పాత కెప్టెన్ పైక్‌ను వికలాంగుడిగా కొత్తగా చూపించి, ఒక కోర్టు విచారణ రాసి, పాత ఫిల్మును ఆ కోర్టులో సాక్ష్యంగా ప్రదర్శించి. దానికోసం వాకిలి కట్టి లోపలికి పిలిచారు. పిలిచాకే అది కథలో జరిగింది. ఇది చూపించి నన్ను ఓడించాననుకున్న పెద్దమనిషి ఒకాయన ఇప్పటికీ ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.

మన దగ్గర 2025 జనవరిలో 'పుష్ప 2' ఆడుతుండగానే ఇరవై నిమిషాలు కలిపి మళ్లీ విడుదల చేశారు. కనీసం ఫలానా రోజునుంచి ఇది వేరే రూపమని పేరు పెట్టారు. నాకదే చాలు.

ఇంకా రాస్తున్నవారికీ ఇదే మాట. కథలు రాసే కుర్రవాళ్లు నా దగ్గరికి రెండు ముగింపులు పట్టుకొస్తుంటారు. ఏది బాగుందో చెప్పమంటారు. నేను చెప్పను. రెండో ముగింపు బతికున్నంతకాలం మొదటి పేజీలో పాత్ర నోరు పూర్తిగా విప్పదు. హంతకుడు కావచ్చు, కాకపోవచ్చు అన్నవాడు కాఫీ తాగే తీరులో కూడా రచయిత తడబాటు కనిపిస్తుంది. ఒకటి చింపేసి రమ్మంటాను. చింపలేక కొందరు మళ్లీ రారు.

ఇప్పుడు నేను చేస్తున్న పని గురించి చెప్పాలి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలైన తరవాత తెలుగులో వచ్చిన టీవీ నాటికలు, టెలిఫిల్ముల స్క్రిప్టులు సేకరిస్తున్నాను. వాటిలో చాలావాటికి ప్రసారమైన రూపం నాకు చూడ్డానికి దొరకలేదు. ఈ బాధ మన ఒక్కరిదే కాదు. బీబీసీ తుడిచేసిన 1960ల 'డాక్టర్ హూ' సీరియల్ భాగాల్లో తొంభైకి పైగా వాటికి బొమ్మ ఇప్పటికీ దొరకలేదు. అభిమానులు ఇళ్లలో టేపుల్లో పట్టుకున్న శబ్దం మాత్రం మిగిలింది. మనకు మిగిలినవి నటుల ఇళ్లలో అటకమీది కాగితాలు.

ఆ కాగితాల మీద నాకు అన్నిటికంటే విలువైనవి కొట్టివేత గీతలు. టైపు చేసిన డైలాగు మీద దర్శకుడి పెన్సిలు అడ్డంగా పోయిందంటే అది ప్రసారం కాలేదని అనుకోవడానికి ఆధారం. పక్కన నటుడు తన చేతిరాతతో మార్చుకున్న మాట ఉంటే, జనం విన్నది బహుశా ఆ మాటే. గీత లేకపోతే ప్రసారమైన పాఠాన్ని తిరిగి కట్టలేను. తీసేసినదానికి కథలో చోటు లేదన్నవాడే తీసివేతల వెంట పడ్డాడని మాస్టారు నవ్వి ఉండేవారు. నవ్వనివ్వండి. ఏది బయట ఉందో తేలితేనే ఏది లోపలిదో తేలుతుంది. నేను వేసే పుస్తకంలో ప్రసారమైన పాఠం ఒక సంపుటి, కొట్టివేతలు వేరే సంపుటి. ఒకదాని అడుగున ఇంకొకటి పాదసూచికగా రాదు. ఆ విషయంలో ప్రచురణకర్తతో ఇప్పటికే గొడవ పడుతున్నాను. రెండూ కలిపితే ఖర్చు తగ్గుతుందట.

సభలో ఉన్నవారికీ, ఈ ఉపన్యాసం చదివేవారికీ ఒక విన్నపం. మీ ఇంట్లో అలాంటి స్క్రిప్టు ఉంటే దాన్ని శుభ్రంగా తిరగరాయించకండి, పెన్సిలు గీతలు చెరపకండి, లామినేషను చేయించకండి. రంగులో ఫోటోకాపీ తీసి పంపండి, ఎందుకంటే ఎర్రసిరా ఎవరిదో నల్లసిరా ఎవరిదో నలుపు కాపీలో తెలియదు. అసలు ప్రతి మీ దగ్గరే ఉంచుకోండి. ఫోటోకాపీ, తపాలా ఖర్చులు నేను భరిస్తాను.